స్లైగో 1919: అంకెలు వేసి కౌన్సిలర్లను ఎన్నుకున్న ఊరు – అపోహలు, వాస్తవాలు

నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతాను. పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్‌కి డ్యూటీ పడినప్పటి నుంచి ప్రాధాన్యత ఓటు మీద, అంటే అభ్యర్థుల ఎదురుగా మన ఇష్టం వరసలో 1, 2, 3 అని అంకెలు వేసే పద్ధతి మీద మనసు పడింది. దాని చరిత్ర తవ్వుకుంటూ పోయి, ఐర్లండ్ పడమటి తీరంలో ఉన్న స్లైగో అనే చిన్న రేవు పట్టణం దగ్గర ఆగాను. 1919 జనవరి 15న ఆ ఊరి కౌన్సిల్‌కి ఈ పద్ధతిలో జరిగిన ఎన్నిక గురించి ఎప్పుడు చెప్పినా దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఐర్లండ్ స్వాతంత్ర్యం కోరిన షిన్ ఫేన్ పార్టీని దెబ్బతీయడానికే, అప్పుడు ఐర్లండ్‌ని పాలిస్తున్న లండన్ ఈ పద్ధతి తెచ్చింది.

వాస్తవం: ఇందులో సగమే నిజం. స్లైగోలో కథ మొదలైంది అప్పులతో. కౌన్సిల్ ఖజానా ఖాళీ. పన్ను పెంచాలంటే చట్టం గీసిన గీత దాటాలి, అందుకు పార్లమెంటులో ప్రత్యేక బిల్లు పెట్టాలి. ఊళ్లో ఎక్కువ పన్ను కట్టేవాళ్లలో ప్రొటెస్టెంట్ వ్యాపారులు చాలామంది. పాత పద్ధతిలో వార్డులో ఎవరి బలం ఎక్కువైతే సీట్లు వాళ్లవే కాబట్టి, కౌన్సిల్‌లో వీళ్ల గొంతు వినపడేది కాదు. పన్ను కట్టేవాళ్లంతా సంఘం పెట్టుకున్నారు. కొందరు కేథలిక్ వ్యాపారులూ చేరారు. పన్ను పెంచుకోండి, కానీ మా బలానికి తగ్గ సీట్లు మాకు వచ్చేలా ఓటు పద్ధతి మార్చండి అన్నది వాళ్ల బేరం. అలా 1918లో స్లైగోకి విడిగా చట్టం వచ్చింది. ఊరి లెక్కల పుస్తకంలోంచి పుట్టిన సంస్కరణ ఇది. నాకు ఈ ఎన్నిక మీద ఇంత ఇష్టం అందుకే.

ఇంకో సంగతి. షిన్ ఫేన్‌ని స్థాపించిన ఆర్థర్ గ్రిఫిత్ 1911 నుంచే దామాషా పద్ధతి, అంటే బలానికి తగ్గ సీట్లు వచ్చే పద్ధతి కావాలన్న మనిషి. అయితే 1919లో దీన్ని ఐర్లండ్ మొత్తానికీ విస్తరించినప్పుడు మాత్రం ప్రభుత్వం లెక్క వేరు. షిన్ ఫేన్ జోరుకు అడ్డుకట్ట పడుతుందన్న ఆశ అప్పుడు కచ్చితంగా ఉంది.

అపోహ: రెండో ప్రాధాన్యత ఇస్తే మనం మొదట ఎంచుకున్న మనిషికి నష్టం.

వాస్తవం: ఇది మన దగ్గరా ప్రతి ఎమ్మెల్సీ ఎన్నికలో వినే మాటే. చదువుకున్నవాళ్లే అంటుంటే బాధేస్తుంది. స్లైగోలో మూడు వార్డులు, వార్డుకి 8 మంది చొప్పున 24 స్థానాలు. ఉదాహరణకి ఒక వార్డులో 900 చెల్లిన ఓట్లు ఉన్నాయనుకోండి. సీట్లకి ఒకటి కలిపితే 9. 900ని 9తో భాగిస్తే 100, దానికి మళ్లీ ఒకటి కలిపితే 101. అదే కోటా. ఎనిమిది మందికి 101 చొప్పున రావచ్చు కానీ తొమ్మిది మందికి రావు, ఎందుకంటే 909 ఓట్లు లేవు. ఒకరికి 140 వస్తే ఆయన గెలవడానికి అక్కర్లేని 39 ఓట్లు తర్వాతి ప్రాధాన్యతల ప్రకారం మిగతావాళ్లకి బదిలీ అవుతాయి. అందరికన్నా వెనకబడ్డవాళ్లని తప్పించి వాళ్ల కాగితాలూ అలాగే పంచుతారు. అంటే, మీ మొదటి మనిషి గెలిచాడో, పోటీలోంచి తప్పుకున్నాడో తేలాకే మీ రెండో అంకె చూస్తారు. అప్పటిదాకా దాని జోలికి ఎవరూ పోరు.

1969లో మన రాష్ట్రపతి ఎన్నికా ఇలాగే తేలింది. మొదటి ప్రాధాన్యతల్లో ఎవరికీ కోటా అందలేదు. తర్వాతి ప్రాధాన్యతలు కలిపాక వి.వి. గిరికి 4,20,077, నీలం సంజీవరెడ్డికి 4,05,427. ఆ గిరి 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో లా చదివారు. స్లైగో ఎన్నిక నాటికి ఆయన ఇండియా వచ్చేసి రెండేళ్లు దాటింది.

అపోహ: జనం తికమకపడ్డారు.

వాస్తవం: చెల్లని ఓట్లు చాలా తక్కువ. ఊళ్లోని జాతీయవాద పత్రిక, యూనియనిస్టు పత్రిక (యూనియనిస్టులంటే బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనేవాళ్లు, ఎక్కువగా ప్రొటెస్టెంట్లు) మరే విషయంలోనూ కలవకపోయినా, పద్ధతి సులువుగా, న్యాయంగా ఉందని రెండూ రాశాయి. మా కౌంటింగ్ టేబుల్ దగ్గర నేను చూసింది వేరు. ఊదారంగు పెన్నుతో 1 అని వేయాల్సిన చోట టిక్కులు, అక్షరాల్లో ‘ఒకటి’, ఇద్దరి ఎదురుగా రెండు 1లు. ఒక్కో కాగితం చెల్లని కట్టలోకి వెళ్తుంటే మనసు చివుక్కుమనేది. ఓటరు ముందే నేర్చుకుని ఉంటే ఆ ఓటు నిలిచేది.

అపోహ: 1918 తర్వాత ఐర్లండ్ అంతా షిన్ ఫేనే.

వాస్తవం: 1918 డిసెంబర్ పార్లమెంటు ఎన్నికల్లో ఐర్లండ్‌లోని 105 స్థానాల్లో 73 షిన్ ఫేన్‌వే. స్లైగో జిల్లాలో రెండూ వాళ్లవే. నెల తిరిగేసరికి స్లైగో కౌన్సిల్‌లో పన్ను కట్టేవాళ్ల సంఘానికి 8, షిన్ ఫేన్‌కి 7, లేబర్‌కి 5, స్వతంత్రులకి 4. అదే ఊరి జనం! స్వాతంత్ర్యం ఒక ప్రశ్న, డ్రైనేజీ, పన్ను ఇంకో ప్రశ్న. రెండింటికీ వాళ్లు విడివిడిగా జవాబిచ్చారు. 1920 జనవరిలో ఐర్లండ్‌లోని మిగతా పట్టణాల్లో ఇదే పద్ధతిలో ఎన్నికలు జరిగితే 1,800 పైచిలుకు స్థానాల్లో షిన్ ఫేన్‌కి 550 వచ్చాయి. అందరికన్నా పెద్ద పార్టీయే, కానీ మూడో వంతుకి లోపే.

అపోహ: 1918కి ముందు ఐరిష్ ఆడవాళ్లకి ఏ ఓటూ లేదు.

వాస్తవం: పార్లమెంటుకి లేదు. స్థానిక ఎన్నికల్లో మాత్రం 1898 చట్టంతోనే అర్హత ఉన్న మహిళలు ఓటేశారు. 1911 చట్టం నగర, కౌంటీ కౌన్సిళ్ల తలుపులూ తెరిచింది. మరుసటి ఏడాదే సారా హారిసన్ డబ్లిన్ కౌన్సిలర్ అయ్యారు.

అపోహ: ఒకసారి వచ్చాక ఆ పద్ధతి అలాగే నిలిచిపోయింది.

వాస్తవం: దక్షిణాన నిలిచింది. ఉత్తరాన నిలవలేదు. 1920లో ఉత్తరాన ఉన్న డెర్రీ నగరంలో 40 స్థానాల్లో యూనియనిస్టులకి 19 వచ్చాయి. రెండు వందల ఏళ్లకి పైగా చూడని కేథలిక్ మేయర్‌గా హ్యూ ఓడహర్టీ కూర్చున్నారు. 1922లో, బ్రిటన్‌తోనే ఉండిపోయిన ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం స్థానిక ఎన్నికల్లో ఈ పద్ధతిని ఎత్తేసింది. డెర్రీలో కేథలిక్కులే ఎక్కువమంది ఉన్నా, వార్డుల సరిహద్దులు గీసిన తీరుతో కౌన్సిల్ దశాబ్దాల పాటు యూనియనిస్టుల చేతుల్లోనే ఉంది. అక్కడి జనం మళ్లీ కౌన్సిల్ బ్యాలెట్ మీద 1, 2, 3 వేసింది 1973లో.