క్షిపణి రక్షణలో చిన్న సంస్థల పరిశోధన: అపోహలు - వాస్తవాలు

తిరుపతి దగ్గర పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలను ప్రసరింపజేసే కటకాలను, కిటికీ పలకలను సానపట్టి, పాలిష్ చేసి ఇచ్చే చిన్న సంస్థను నేను నడుపుతున్నాను. ఇటువంటి పలకలను క్షిపణి రక్షణకు పనికివచ్చే సెన్సార్లలో వాడతారని తెలియగానే బంధువుల నుంచి బ్యాంకు అధికారుల వరకు అందరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరులో ఉంటాయి. వాటి వెనక ఉన్న అపోహలలో కొన్నింటిని, అందరికీ అందుబాటులో ఉన్న సమాచారానికే పరిమితమై, ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: శ్రీహరికోట, గాదంకి మన దగ్గరే ఉన్నాయి కనుక క్షిపణి రక్షణ పరీక్షలు కూడా ఇక్కడే జరుగుతాయి.

వాస్తవం: శ్రీహరికోట ఉపగ్రహ ప్రయోగ కేంద్రం. గాదంకిలో ఉన్నది వాతావరణ పరిశోధనశాల. అక్కడి 53 మెగాహెర్ట్జ్ రాడార్ 1024 యాంటెన్నాలతో నింగివైపు చూస్తూ గాలుల వేగాన్ని, వాయు సంచలనాన్ని కొలుస్తుందే తప్ప శత్రు క్షిపణుల కోసం వెతకదు. శత్రు క్షిపణులను దారిలోనే కూల్చే మన దేశపు అడ్డగింపు క్షిపణుల పరీక్షలు, 2006 నవంబరు 27న జరిగిన మొదటి పరీక్షతో సహా, ప్రధానంగా ఒడిశా తీరంలో జరుగుతూ వచ్చాయి; రూపకల్పనలో పెద్ద భాగం హైదరాబాదులోని ప్రభుత్వ రక్షణ పరిశోధన సంస్థ (డీఆర్‌డీఓ) ప్రయోగశాలలది. అయితే గాదంకిని ఈ విషయంతో ఏ సంబంధమూ లేనిదిగా కొట్టివేయలేము. అక్కడి లైడార్ 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను ఆకాశంలోకి పంపి, ధూళి కణాల నుంచి వెనక్కి చెదిరిన కాంతిని కొలుస్తుంది. లేజర్ కిరణం గాలిలో ఎంత దూరం ఎలా ప్రయాణిస్తుందో తెలుసుకోదలచిన వారికి అటువంటి కొలతలు ఎంతో విలువైనవి.

అపోహ: లేజర్ వచ్చేసింది కాబట్టి ఇక ఏ క్షిపణినైనా క్షణంలో కాల్చివేయవచ్చు.

వాస్తవం: 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల స్థాయి లేజర్ ఆయుధాన్ని ప్రదర్శించినప్పటి నుంచి నేను ఎక్కువగా వింటున్న మాట ఇది. ఆ ప్రదర్శనలో లక్ష్యాలు డ్రోన్లు, చిన్న మానవరహిత విమానాలు. వాటికీ, ఖండాంతర క్షిపణి చివరి దశలో భూవాతావరణంలోకి దూసుకువచ్చే భాగానికీ పోలిక లేదు. సెకనుకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో వచ్చేటప్పుడు పుట్టే వేడిని తట్టుకునేలా దానికి ముందే కవచం ఉంటుంది.

లెక్క చూడండి. ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం గల కిరణాన్ని 30 సెంటీమీటర్ల అద్దంతో 10 కిలోమీటర్ల దూరాన కేంద్రీకరిస్తే, గాలి అనేదే లేకపోయినా, ఆ వెలుగు మచ్చ వ్యాసం సుమారు 8 సెంటీమీటర్ల కంటే తగ్గదు. ఇది కాంతి స్వభావం వల్ల వచ్చే పరిమితి. ఎంత డబ్బు పోసినా దాటలేము, అదే తరంగదైర్ఘ్యంతో అదే దూరాన అయితే అద్దాన్ని పెద్దది చేయడం మాత్రమే మార్గం. పైగా గాలిలోని నీటి ఆవిరి, ధూళి, వేడి గాలి కదలికలు ఆ మచ్చను ఇంకా చెదరగొడతాయి, కిరణమే తన దారిలోని గాలిని వేడెక్కించి తనను తాను విస్తరింపజేసుకుంటుంది. గాజు పోగులో వెలుగును పుట్టించే ఫైబర్ లేజర్ తీసుకునే విద్యుత్తులో ఇంచుమించు మూడో వంతే వెలుగుగా మారుతుందనుకుంటే, మిగిలిన వేడిని బయటికి పంపే చల్లబరిచే యంత్రాంగం కూడా వాహనం మీదే ఉండాలి. అమెరికా 747 విమానంలో అమర్చిన రసాయన లేజర్‌తో 2010 ఫిబ్రవరిలో పైకి లేస్తున్న ఒక క్షిపణిని కూల్చి చూపింది, అయినా 2011లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. చిన్న సంస్థలకు అవకాశం ఉన్నది ఆ కిరణం చుట్టూ ఉన్న పనులలోనే: వేడికి పగలని పూతలు, దూరం కొలిచే చిన్న లేజర్లు, అద్దాలను కదిలించే యంత్ర భాగాలు.

అపోహ: అన్నిటికంటే గట్టి పదార్థంతో సెన్సార్ కిటికీ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇది నా సొంత రంగం కనుక కొంచెం ఎక్కువ రాస్తాను. వేడిని చూసే సెన్సార్లు ప్రధానంగా 3 నుంచి 5 మైక్రాన్ల మధ్య, 8 నుంచి 12 మైక్రాన్ల మధ్య ఉన్న తరంగదైర్ఘ్యాలలో పనిచేస్తాయి, ఎందుకంటే ఆ రెండు పట్టీలలో గాలి కాంతిని పెద్దగా మింగదు. మామూలు గాజు అక్కడ పనికిరాదు. సఫైర్ ఎంతో గట్టిది, సానపట్టడానికి సాధారణంగా వజ్రపు పొడి వాడాల్సి వస్తుంది, కానీ సుమారు 5 మైక్రాన్లు దాటాక కాంతిని అడ్డగిస్తుంది. జింక్ సల్ఫైడ్ రెండు పట్టీలలోనూ పారదర్శకమే, అయితే మెత్తనిది, వేగంగా వెళ్ళేటప్పుడు వాన చినుకులకే దాని ఉపరితలం దెబ్బతింటుంది. జెర్మేనియం వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 4 కాబట్టి ఉపరితలాల దగ్గరే చాలా కాంతి వెనక్కి తిరిగిపోయి, పూత లేని పలక గుండా సగం కంటే తక్కువ కాంతి మాత్రమే అవతలికి వెళ్తుంది. పైగా వేడెక్కితే 100 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి అది క్రమంగా పారదర్శకతను కోల్పోతుంది. 2023 ఆగస్టులో చైనా జెర్మేనియం ఎగుమతులపై ఆంక్షలు విధించాక మా వంటి వారికి ధర కూడా ఒక సాంకేతిక సమస్య అయింది.

ఇక వేగం సంగతి. ధ్వనికి నాలుగు రెట్ల వేగంతో 11 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళే వస్తువు ముక్కు దగ్గర గాలి ఉష్ణోగ్రత లెక్క ప్రకారం 600 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడికి కిటికీయే పరారుణ కాంతిని వెదజల్లడం మొదలుపెడుతుంది. వెనక మైనస్ 196 డిగ్రీల దగ్గర చల్లబరిచి ఉంచిన డిటెక్టర్‌కు అది, మసకబారి వెలుగుతున్న లాంతరు చిమ్నీ గుండా బయటి చీకటిని చూడబోవడం వంటిది. అందువల్ల డిటెక్టర్ సున్నితత్వాన్ని పెంచినంత మాత్రాన ఫలితం రాదు. సున్నితత్వం, పలక మందం, దాని ఆకృతి, పూత, వేడికి పగలకుండా ఉండే గుణం అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, ఒకదాన్ని మెరుగుపరిస్తే మరొకటి చెడుతుంది. మా పరిశోధనలో చాలా భాగం కొత్త పదార్థాన్ని కనిపెట్టడం కాదు. ఒకే గుణాన్ని పది పలకలలోనూ ఒకేలా తీసుకురావడం, దాన్ని కొలిచి నిరూపించడం. పరీక్షల ఖర్చు పలక ఖర్చును మించిపోయే సందర్భాలు ఈ పనిలో మామూలే.

అపోహ: ప్రభుత్వ గ్రాంటు వచ్చిందంటే ఆర్డరు వచ్చినట్టే.

వాస్తవం: రెండూ వేర్వేరు. అమెరికాలో చిన్న వ్యాపారాల పరిశోధనకు 1982లో చట్టం తెచ్చినప్పుడే దశలు విడదీశారు: మొదటిది సాధ్యాసాధ్యాల పరిశీలన, రెండోది నమూనా, మూడోది మార్కెట్టుకు చేర్చడం. ఆ మూడో దశకు ఈ పథకం నిధులు ఇవ్వదు. అక్కడి క్షిపణి రక్షణ సంస్థ సెన్సార్ల, పదార్థాల సమస్యలను చిన్న సంస్థల ముందు ఈ మార్గంలో పెడుతూ వచ్చింది. మన దేశంలో రక్షణ రంగపు కొత్త ఆవిష్కరణలకు సాయం చేయడానికి 2018లో మొదలైన ఐడెక్స్ పథకం తొలి పోటీలలో గరిష్ఠ పరిమితి 1.5 కోట్ల రూపాయలు, తర్వాత చేర్చిన విభాగాలలో అది ఇంకా ఎక్కువ; సంస్థ తన వాటా కలపాలి, సొమ్ము మైలురాళ్ళ ప్రకారం విడతలుగా వస్తుంది. డీఆర్‌డీఓ టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ పరిమితి 50 కోట్ల వరకు ఉంది. నా అభిప్రాయంలో, సొంత వాటాకు, విడతల మధ్య జీతాలకు డబ్బు చూసుకోకుండా దరఖాస్తు పెట్టడం సంస్థను ప్రమాదంలో పడేయడమే.

అపోహ: రక్షణ పరిశోధన అంతా రహస్యం, బయట దానికి ఉపయోగం ఉండదు.

వాస్తవం: రక్షణలో వాడే పరారుణ పలకల పరిజ్ఞానమే కర్మాగారాలలో గ్యాస్ లీకులు పట్టే కెమెరాలకూ, విద్యుత్ ఉపకేంద్రాలలో వేడెక్కిన తీగల కలయికలు వెతకడానికీ పనికివస్తుంది, అటువంటి గిరాకీ లేకుండా చిన్న సంస్థ నిలవడం కష్టం. జాగ్రత్త వేరే చోట ఉండాలి. ఎగుమతికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన వస్తువుల జాబితా అయిన స్కోమెట్‌లోకి వచ్చే వస్తువును విదేశీ ప్రయోగశాలకు కేవలం పరీక్ష కోసం కొరియర్‌లో పంపినా, దాని డ్రాయింగును ఈమెయిల్‌లో పంపినా, ఎగుమతి కిందికే రావచ్చు. కనుక నమూనా ప్యాక్ చేయకముందే అది ఆ జాబితాలో ఉందో లేదో చూసుకొని, అవసరమైతే వస్తువు వర్గాన్ని బట్టి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుంచో, సంబంధిత ప్రభుత్వ శాఖ నుంచో అనుమతి తీసుకోవాలి.