వాళ్ళు ఇంట్లో లేనప్పుడు తీసి పారేయకండి: ఇల్లు సర్దుకోవడం గురించి అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. సంక్రాంతి దగ్గరపడుతున్న కొద్దీ నాకు ఒకే రకమైన ఫోన్లు వస్తుంటాయి. మాట్లాడేది సాధారణంగా కొడుకో, కోడలో. హైదరాబాదు నుంచో, అమెరికా నుంచో. "మేడమ్, పండగకు వస్తున్నాం. అమ్మను నాలుగు రోజులు చెల్లి ఇంటికి పంపించి, ఈలోగా మనుషులను పెట్టి ఇల్లంతా ఖాళీ చేయిస్తాం. కాలేవి భోగి మంటలో వేస్తాం, మిగతావి పాత సామాన్ల బండికి ఇచ్చేస్తాం. తిరిగొచ్చాక గొడవ చేయకుండా మీరు ఆవిడకు కాస్త నచ్చజెప్పాలి."

నా జవాబు ఎప్పుడూ ఒకటే: ఆ పని చేయవద్దు. ఎందుకు వద్దో ఒక్కొక్కరికీ ఫోనులో చెబుతున్నదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: మనిషి లేనప్పుడు తీసి పారేస్తే కొన్నాళ్ళు బాధపడి ఊరుకుంటారు.

ఊరుకోరు. ఇల్లు మళ్ళీ నిండుతుంది. ఈసారి ఇంకా వేగంగా నిండుతుంది.

ఎంవీపీ కాలనీలో ఒక పెద్దావిడ ఉండేవారు. గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. భర్త పోయాక రెండు గదులు నిండిపోయాయి. పాత పత్రికలు, ఖాళీ సీసాలు, చీరల మూటలు, చెడిపోయిన మిక్సీలు. కొడుకు ప్రేమతోనే, ఆవిడ ఆరోగ్యం కోసమే, ఆవిడ ఊళ్ళో లేనప్పుడు అన్నీ తీయించేశాడు. గోడలకు సున్నం వేయించి, కొత్త మంచం కొన్నాడు. ఆవిడ తిరిగొచ్చి పత్రికల గురించి అడగలేదు, మిక్సీల గురించీ అడగలేదు. ఒక ప్లాస్టిక్ కవరు గురించి అడిగారు. అందులో పాత కరెంటు బిల్లులు, వాటి మధ్య భర్త చేతిరాతతో ఉన్న పచారీ సామాన్ల చీటీలు. "కందిపప్పు 2 కిలోలు, చింతపండు అర కిలో, నీ ఆవాలు మరిచిపోలేదు" అని రాసిన చీటీ ఒకటి ఉండేదట. కవరు తీసిన పనివాళ్ళకు అది చిత్తుకాగితం. వాళ్ళ తప్పు ఏమీ లేదు.

ఆ తరువాత ఆవిడ ఇంట్లోని చెత్తబుట్టను రోజూ తిరగేసి చూడడం మొదలుపెట్టారు. పనిమనిషిని గదుల్లోకి రానివ్వలేదు. మనవడి అక్షరాభ్యాసానికి కూడా వెళ్ళలేదు, ఇల్లు వదిలి వెళితే మళ్ళీ ఏం పోతుందోనని. ఏడాది తిరిగేసరికి ఆ రెండు గదులతో పాటు వరండా కూడా నిండింది. కొడుకు పెట్టిన ఖర్చు సంగతి అలా ఉంచండి. తల్లీకొడుకుల మధ్య మాటలే కరువయ్యాయి. ఇదంతా జరిగాకే నన్ను పిలిచారు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఎవరూ ఆ తొందరపాటు చేయరు. వస్తువును వదులుకోలేని మనిషికి కొరవడింది ఖాళీ స్థలం కాదు. ఒక వస్తువును చేతిలోకి తీసుకుని, ఉంచాలా వద్దా అని తేల్చుకుని, వదిలేశాక వచ్చే గాభరాను భరించగలగడం. ఆ గాభరా మొదట బాగా పెరుగుతుంది, కాసేపు ఆగితే దానంతటదే తగ్గుతుంది. తగ్గుతుందన్న సంగతి సొంత అనుభవంలోకి రావాలి. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడానికి చేసే మాటల చికిత్సలో, మేం చేయించే సాధన ముఖ్యంగా ఇదే. మీరు వెనక నుంచి తీసేస్తే ఆ సాధన జరగదు. ఈత రానివారి కోసం మీరు చెరువులో నీళ్ళు తోడేస్తే వారికి ఈత రాదు కదా. ఆ మనిషి నేర్చుకునేది ఒక్కటే: నా ఇంట్లో నన్ను అడగరు, కాబట్టి ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

ఇంకో సంగతి. సొంత వస్తువుకు మనసు ఎక్కువ విలువ కట్టడం జబ్బేమీ కాదు, అందరిలోనూ ఉండేదే. కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులకు మామూలు కాఫీ కప్పులు ఇచ్చారు. కప్పు అందినవాళ్ళు అమ్మడానికి అడిగిన ధర, అందనివాళ్ళు కొంటామన్న ధరకు దాదాపు రెట్టింపు ఉంది. కొద్దిసేపటి కిందట చేతికొచ్చిన కప్పు విషయంలోనే ఇలా ఉంటే, నలభై ఏళ్ళ కాపురంలో పోగైన వాటి సంగతి చెప్పాలా? అందుకే "ఇది ఎంత చేస్తుంది?" అని నేను అడగను. "ఈ రోజు ఇది మీ దగ్గర లేదనుకోండి, బజారుకు వెళ్ళి కొనుక్కుంటారా?" అని అడుగుతాను. జవాబు తొందరగా రాదు. రానివ్వండి.

మన ఊరికి సంబంధించిన కారణం ఒకటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇక్కడ ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాల ప్యాకెట్టు కోసం బారులు తీరారు. అప్పటి నుంచి ఖాళీ నీళ్ళ క్యాన్లు, కొవ్వొత్తుల పెట్టెలు, తాళ్ళు, టార్పాలిన్లు బాల్కనీ నిండా పేర్చుకున్న ఇళ్ళు చాలా చూశాను. ఉప్పుగాలికి టార్పాలిన్లు పెళుసుబారి చేతిలోనే విరిగిపోతున్నా వాటిని కదలనివ్వరు. ఆ క్యాన్లు తీసి పారేస్తే ఆ భయం ఎక్కడికి పోతుంది? ముందు ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో అడగండి, చెప్పనివ్వండి. ఆ తరువాత ఈసారి తుపాను వస్తే నిజంగా ఏమేం కావాలో ఇద్దరూ కలిసి రాసుకోండి. రెండు క్యాన్లు, ఒక టార్చి, మందులు, కాగితాలు ఉన్న సంచి. ఆ సంచి సిద్ధమై కళ్ళెదుట ఉన్నాక, మిగిలిన క్యాన్లను తమ చేతులతోనే బయట పెట్టినవాళ్ళను చూశాను.

మరి ఏం చేయాలి? మనిషి ఎదుట, మనిషి ఒప్పుకున్న చోట, చిన్నగా మొదలుపెట్టాలి. ఫోటోలు, చీరలు, పోయినవారి వస్తువులతో ఎప్పుడూ మొదలుపెట్టకండి. గడువు తీరిన మందుల డబ్బా మంచిది, మూతలు లేని డబ్బాల అర ఇంకా మంచిది. ఇరవై నిమిషాలు చాలు. వస్తువును మీరు ముట్టుకోకండి, వాళ్ళ చేతికే ఇవ్వండి. తేల్చుకోలేకపోతే పక్కన పెట్టి తరువాతది తీయండి. ఇచ్చేయడానికి ఒప్పుకుంటే ఎవరికి వెళుతుందో ముందే అనుకోండి. "పారేద్దాం" అన్నప్పుడు కదలని దుప్పట్లు "వాచ్‌మన్ పిల్లలకు ఇద్దాం" అంటే కదులుతాయి. ఆ రోజు ఒక అరే అయిందా? అయితే ఆ రోజుకు అంతే. నాలుగు రోజుల సెలవు మీద వచ్చిన కొడుకుకు ఇది నత్తనడకలా కనిపిస్తుంది, ఆ అవస్థ నాకు అర్థమవుతుంది. కానీ నిలిచేది ఈ పద్ధతే.

ఇంట్లో పాకుడు పట్టినా, పొయ్యి పక్కన కాగితాల కుప్పలున్నా, నడిచే దారి లేక పెద్దవాళ్ళు పడిపోయే ప్రమాదం ఉన్నా ఇంత నిదానం కుదరదు. అక్కడ కూడా చెప్పి, ఎదుట ఉంచుకుని, ఆ ప్రమాదం ఉన్నంత మేరకే తీయండి. దారి, పొయ్యి, స్నానాల గది. అటక జోలికి పోకండి.

అపోహ: ఇల్లు సర్దుకోలేకపోవడం బద్ధకం.

ఈ మాట విని విని, తమ గురించి తామే ఇలా చెప్పుకునే ఆడవాళ్ళు నా దగ్గరికి వస్తారు. తెల్లవారకముందే లేచి, క్యారేజీలు కట్టి, ఉద్యోగానికి వెళ్ళి, రాత్రి పదకొండుకు పడుకునే మనిషి తనను బద్ధకస్తురాలు అనుకోవడం వింటే నాకు బాధగా ఉంటుంది. డిప్రెషన్‌లో ఉన్నవారికి ఒక గిన్నె కడగడం కొండంత పని. థైరాయిడ్ హార్మోను తక్కువైనప్పుడు ఒళ్ళంతా నీరసమే. ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని సమస్య) ఉన్నవారు పది పనులు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తిచేయలేరు. కాన్పు తరువాత, దగ్గరివారు పోయిన తరువాత ఇల్లు చెదిరిపోవడం సహజం. ఒకప్పుడు చక్కగా సర్దుకునే మనిషి కొన్ని నెలలుగా సర్దుకోలేకపోతుంటే తిట్టకండి, డాక్టరుకు చూపించండి.

తప్పు లేకుండా చేయాలన్న పట్టుదల కూడా ఇల్లు పాడుచేస్తుంది. బీరువా మొత్తం ఒకేసారి, ఒక పద్ధతిలో సర్దాలి, అందుకు రోజంతా ఖాళీ దొరకాలి అని ఆగేవాళ్ళకు ఆ రోజు ఎన్నటికీ రాదు. ఒక్క అర సగం సర్ది వదిలేయడం వీళ్ళకు నేర్పాల్సి వస్తుంది.

అపోహ: ఇల్లు చిందరవందరగా ఉంటే అదంతా హోర్డింగ్ (వస్తువులను వదులుకోలేక పోగుచేసుకునే) జబ్బే.

వీడియోలు చూసి ఇంటావిడకు పేరు పెట్టేస్తున్నారు. హోర్డింగ్ డిజార్డర్‌ను 2013లో డీఎస్ఎమ్-5లో, అంటే మానసిక రుగ్మతలను గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం ప్రచురించే పుస్తకంలో, విడి రుగ్మతగా చేర్చారు. అంతకుముందు దాన్ని ఓసీడీలో (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వెంటాడే జబ్బులో) భాగంగా చూసేవారు. వస్తువు విలువతో పని లేకుండా వదులుకోలేకపోవడం, వదులుకోవాల్సి వస్తే తీవ్రమైన బాధ, గదులు వాటి పనికి వాడుకోలేనంతగా నిండిపోవడం ఉండాలి. మీ మంచం మీద పడుకోగలుగుతున్నారా? వంటగట్టు మీద కూరగాయలు తరగగలుగుతున్నారా? అయితే చాలావరకు మీది ఆ జబ్బు కాదు. ఉన్నవారిలో కూడా సుమారు నాలుగింట మూడు వంతుల మందికి డిప్రెషన్ లాంటి మూడ్ సమస్యో, ఆందోళన సమస్యో తోడుగా ఉంటుంది. ముందు దాన్ని చూడాలి.

అపోహ: ఇంటి చిందరవందర గురించి ఆడవాళ్ళే అనవసరంగా బెంగపడతారు.

లాస్ ఏంజెలిస్‌లో, ఇద్దరూ ఉద్యోగాలు చేసే 30 జంటలతో చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. తమ ఇంటిని గందరగోళంగా, పూర్తికాని పనులతో నిండినదిగా వర్ణించిన భార్యల్లో, రోజు గడిచే కొద్దీ తగ్గాల్సిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను సరిగా తగ్గలేదు. భర్తల్లో అలా కనిపించలేదు. ఇంటిపని ఎవరి నెత్తిన ఉందో వాళ్ళకే ఆ కుప్ప కనిపిస్తుంది. భర్తలూ, ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

అపోహ: పోయినవారి వస్తువులు తీసేస్తే వాళ్ళను మరిచిపోయినట్టు. ఉంచుకుంటే వాళ్ళు పోయారని ఒప్పుకోనట్టు.

రెండూ తప్పే. మా నాన్న ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. ఆయన పోయాక డ్యూటీ బూట్లు చాలాకాలం గుమ్మం పక్కనే ఉన్నాయి. ముందు భాగంలో ఇనుప తొడుగు ఉండే బరువైన బూట్లు. పరామర్శకు వచ్చిన ప్రతివారూ అమ్మకు సలహా చెప్పేవారే. ఆవిడ ఎవరికీ జవాబివ్వలేదు. పక్కింటి కుర్రవాడు కాంట్రాక్టు పనికి కుదిరాడని తెలిసిన రోజు తనే వాటిని తుడిచి, కొత్త లేసులు వేసి, పిలిచి ఇచ్చింది. హెల్మెట్ మాత్రం ఇవ్వలేదు, ఇప్పటికీ మేకుకే ఉంది. ఎవరూ ఆవిడకు గడువు పెట్టలేదు కాబట్టే అది జరిగిందని నా నమ్మకం.

మిగిలినవి గబగబా.

పగిలిన వస్తువు ఇంట్లో ఉంటే లక్ష్మి నిలవదు, జ్యేష్ఠాదేవి వస్తుంది అని వాట్సాప్‌లో పంపేవారికి: మీ సందేశం చదివి ఎవరూ ఇల్లు సర్దుకోలేదు. భయపడి నిద్ర మానుకున్నవారిని మాత్రం చూశాను. దయచేసి పంపకండి.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందన్నది ఉత్త మాట. లండన్‌లో 96 మందితో చేసిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి పట్టినది సగటున 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పితే ఏమీ కాలేదు.

కొత్త డబ్బాలు, అరలు కొంటే ఇల్లు సర్దుకుంటుందనుకోకండి. తీయాల్సినవి తీశాక కొనండి.

సాయం కావాలంటే సిగ్గుపడకండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్ళవచ్చు. బయటికి రావడానికి ఇష్టపడనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అమ్మ తరఫున మీరే చేస్తుంటే, చేసే ముందు ఆ సంగతి ఆవిడకు చెప్పండి.