శిక్షణ గదిలోకి వచ్చిన సొంత గాయం

ట్రామా థెరపీలో, అంటే మానసిక ఆఘాతాలకు చేసే చికిత్సలో, శిక్షణ పొందిన థెరపిస్టులు చాలామంది ఒక మాట చెబుతారు: మేం నేర్చుకున్నది పద్ధతి ఒక్కటే కాదు, మనుషులుగా కూడా మారాం అని. ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలన్న వాదన మళ్లీ రాజుకుంది. 2020 తర్వాత శిక్షణలు పెద్దఎత్తున ఆన్‌లైన్‌కు మారడంతో అది మరింత పదునెక్కింది. అభ్యాసం పేరిట తన చేదు జ్ఞాపకాన్ని తవ్వుకున్న శిక్షణార్థి, తెర ఆగిపోగానే తన గదిలో ఒంటరిగా మిగులుతున్నాడు. దాన్ని కొందరు ఎదుగుదల అంటున్నారు. మరికొందరు పూచీ లేని ప్రయోగం అంటున్నారు.

ఆఘాతం తర్వాత మనసును వెంటాడే రుగ్మత పీటీఎస్‌డీ 1980లో అమెరికా రోగనిర్ధారణ గ్రంథంలోకి ఎలా ఎక్కింది, అందులో వియత్నాం యుద్ధ సైనికుల పాత్ర ఏమిటి అన్నవి ఎన్నోసార్లు రాసినవే. వాటి జోలికి పోనక్కర్లేదు. ఇప్పటి తగువు మూలాలు 1989, 1995 మధ్య ఉన్నాయి. థెరపిస్టు సొంత గాయం ఆంతరంగిక చికిత్స గదిని వదిలి తరగతి గదిలోకి వచ్చింది ఆ కొద్ది ఏళ్లలోనే.

అంతకుముందు దానికి వేరే చోటు ఉండేది. ఇతరులను విశ్లేషించేవారు ముందు తాము విశ్లేషణకు లోనుకావాలన్న జ్యూరిక్ బృందం పట్టుదలను మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1912లోనే మెచ్చుకున్నాడు. 1920లో మొదలైన బెర్లిన్ మనోవిశ్లేషణ క్లినిక్ దాన్ని శిక్షణలో భాగం చేసింది. 1925లో జర్మనీలోని బాడ్ హోంబర్గ్‌లో జరిగిన మనోవిశ్లేషకుల మహాసభలో శిక్షణ కోసం అంతర్జాతీయ కమిషన్ ఏర్పడింది. ఏళ్ల తరబడి, ఒకే మనిషి ఎదుట, మూసిన తలుపుల వెనుక సాగే పని అది. అందులోనూ ఒక లోపం ఉండేది. శిక్షణార్థిని విశ్లేషించే వ్యక్తే అతని పురోగతి గురించి సంస్థకు నివేదిక ఇచ్చే పద్ధతి చాలా చోట్ల నడిచింది. చెప్పుకున్నది రేపు తనకే అడ్డు తగులుతుందేమో అన్న అనుమానం ఉన్నప్పుడు మనసు విప్పేదెవరు? తర్వాతి కాలంలో అనేక సంస్థలు ఆ నివేదికలను మానుకున్నాయి. వినేవారు, తూచేవారు ఒకరే కాకూడదని అవి తెలుసుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

ఇక 1990. ఆ ఏడాది లీసా మెకాన్, లారీ ఆన్ పెర్ల్‌మన్ ఒక వ్యాసం ప్రచురించారు. బాధితుల కథలు వినివిని థెరపిస్టులో వచ్చే మార్పుకు వారు పరోక్ష ఆఘాతం అని పేరు పెట్టారు. క్లయింటు చెప్పిన దృశ్యాలు థెరపిస్టు కలల్లోకి రావడం, తన పిల్లల భద్రత గురించి లేని భయాలు పుట్టడం, ఎవరినీ నమ్మబుద్ధి కాకపోవడం లాంటివి అప్పటిదాకా థెరపిస్టు సొంత బలహీనతగానో, అతనిలో తీరని పాత సమస్యగానో లెక్కలోకి వచ్చేవి. మెకాన్, పెర్ల్‌మన్ ఆ నింద తీసేశారు. ఇది ఈ పనిలో సహజంగా వచ్చేదే అన్నారు. భద్రత, నమ్మకం, అధికారం, ఆత్మగౌరవం, ఆత్మీయత గురించి మనిషికి ఉండే మౌలికమైన నమ్మకాలే కదులుతాయని వివరించారు. సహచరులు ఒకచోట కూర్చుని ఈ బరువును మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలని కూడా చెప్పారు. ఈ చివరి మాటను ఆ తర్వాత చాలామంది సౌకర్యంగా మరిచిపోయారు.

ఆ వ్యాసం చేసిన మేలు చిన్నది కాదు. థెరపిస్టు తన బాధను సిగ్గుపడకుండా చెప్పుకునే వీలు దాంతోనే వచ్చింది. నమ్మకాలు కదిలేవే అయితే అవి మంచివైపు కూడా కదలవచ్చుగదా అన్న ప్రశ్నకూ దారి పడింది. ఇవాళ శిక్షణ ప్రకటనల్లో కనిపించే ‘వ్యక్తిగత పరివర్తన’కు బీజం అక్కడుంది. 1995లో పెర్ల్‌మన్, మరో పరిశోధకురాలు కలిసి 188 మంది ట్రామా థెరపిస్టులను పరిశీలించినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. సొంత జీవితంలో ఆఘాతం చూసినవారి మీద ఈ పని ప్రభావం ఎక్కువగా ఉంది. వారిలోనూ వృత్తికి కొత్తవారు ఎక్కువ ఇబ్బంది పడ్డారు. అంటే శిక్షణకు వచ్చేవారిలో ఎవరిని కాస్త జాగ్రత్తగా చూసుకోవాలో అప్పుడే తెలిసిపోయింది.

సరిగ్గా అదే కాలంలో రెండో మార్పు జరిగింది. ఫ్రాన్సీన్ షపీరో 1989లో 22 మందితో చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. బాధాకర జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే, తర్వాత ఈఎండీఆర్‌గా పేరుపడిన పద్ధతికి అది తొలి అడుగు. ఆ పద్ధతి పనిచేస్తుందా లేదా అన్న యుద్ధం దశాబ్దం పైగా నడిచింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన సిఫార్సుల్లో చేర్చింది కాబట్టి ఆ గొడవ ఇక్కడ అనవసరం. మనకు కావలసింది దాన్ని నేర్పిన తీరు. మొదట్లో శిక్షణ పొందినవారు అనుమతి లేకుండా ఇతరులకు నేర్పబోమని ఒప్పుకోవాల్సి వచ్చేది. 1995లో పాఠ్యగ్రంథం వెలువడి, వృత్తి సంఘం ఏర్పడ్డాక ఆ పట్టు సడలింది. ఆ సంఘం ప్రమాణాల ప్రకారం ప్రాథమిక శిక్షణలో 20 గంటల బోధన, 20 గంటల పర్యవేక్షిత అభ్యాసం, 10 గంటల సంప్రదింపులు ఉంటాయి. అభ్యాసంలో శిక్షణార్థులు ఒకరికొకరు క్లయింటుగా కూర్చుంటారు. నటన కాదు, తమ నిజమైన జ్ఞాపకాలతోనే.

శిక్షకుల వాదన సూటిగా ఉంటుంది. కల్పిత బాధ మీద ఈ పద్ధతి పనిచేయదు. జ్ఞాపకం నిజంగా కదిలితేనే దాని వేగం, అది తిరిగే మలుపులు అర్థమవుతాయి. క్లయింటు కుర్చీలో కూర్చోనివారికి క్లయింటు భయం తెలియదు. పైగా తీవ్రమైన ఆఘాతాలను కాకుండా మధ్యస్థాయి జ్ఞాపకాలనే ఎంచుకోమని ముందే హెచ్చరిస్తారు. ఈ వాదనలో పసలేదని ఎవరూ అనలేరు. మొద్దుబారిపోయిన ఏదో పాత జ్ఞాపకం ఆ అభ్యాసంలో తేలికపడి, ఆ తర్వాత క్లయింట్ల ముందు ధైర్యంగా కూర్చోగలిగామని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు.

విమర్శకుల ప్రశ్నలు అంతకంటే లోతుకు వెళ్తాయి. మధ్యస్థాయి జ్ఞాపకం అని ఎంచుకున్నది దేనికి ముడిపడి ఉందో ముందుగా ఎవరికి తెలుసు? చిన్న గొడవ అనుకుని మొదలుపెడితే పసితనపు భయం దగ్గర తేలడం ఈ పద్ధతిలో మామూలే. ఆ సంగతి బోధనలోనే చెబుతారు కూడా. ఎదురుగా చికిత్సకుడి పాత్రలో కూర్చున్నది నిన్ననే పద్ధతి విన్న మరో శిక్షణార్థి. పక్క కుర్చీలో అదే సంస్థలో పనిచేసే సహోద్యోగి ఉండవచ్చు. రేపు పదోన్నతి నిర్ణయించే మనిషీ ఉండవచ్చు. గది చుట్టూ తిరుగుతూ పర్యవేక్షించే వ్యక్తే, శిక్షణ పూర్తయిందని ధ్రువీకరించే ప్రక్రియలోనూ భాగం. మనోవిశ్లేషణ సంస్థలు దశాబ్దాలు తిప్పలు పడి వదిలించుకున్న ముడి, వినేవారూ తూచేవారూ ఒకరే కావడం, వారాంతపు వర్క్‌షాపు రూపంలో తిరిగి వచ్చింది. కాదనే స్వేచ్ఛ కాగితం మీద ఉంటుంది. డబ్బు కట్టి, సెలవు పెట్టుకుని, పదిమంది ఎదుట కూర్చున్నాక కాదనడం ఎంత తేలికో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

నియమాలు లేవా అంటే, ఉన్నాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2002లో ఆమోదించిన నైతిక నియమావళిలో రెండు అంశాలు నేరుగా దీనికి సంబంధించినవి. వేధింపుల చరిత్ర, లైంగిక చరిత్ర, తల్లిదండ్రులతో సంబంధాలు లాంటి వ్యక్తిగత విషయాలను బయటపెట్టాలని విద్యార్థులను నిర్బంధించకూడదు. ప్రవేశ సమయంలోనే ఆ షరతును స్పష్టంగా ప్రకటించి ఉండటం దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. చికిత్స పొందడాన్నే కోర్సులో తప్పనిసరి చేస్తే, బయటి చికిత్సకుడిని ఎంచుకునే అవకాశం ఇవ్వాలి. మార్కులు వేసే అధ్యాపకులు ఆ చికిత్స చేయకూడదు. అయితే ఈ రెండో నియమం డిగ్రీ, పీజీ కోర్సుల విద్యార్థులను ఉద్దేశించింది. ఉద్యోగంలో ఉండి వర్క్‌షాపుకు వచ్చే థెరపిస్టు ఆ గొడుగు కింద నిలబడలేడు. ఇవాళ్టి వివాదమంతా ఈ ఖాళీలోనే జరుగుతోంది.

ఎదుగుదల మాటకు వద్దాం. రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హూన్ 1996లో, ఆఘాతం తర్వాత మనిషిలో వచ్చే ఎదుగుదలను కొలిచేందుకు 21 అంశాల ప్రశ్నావళి రూపొందించారు. 2005లో వారి బృందమే 21 మంది థెరపిస్టులను ఇంటర్వ్యూ చేసి, ఇతరుల గాయాలతో పనిచేయడం వల్ల చికిత్సకులలోనూ అలాంటి ఎదుగుదల వస్తోందని చెప్పింది. సహానుభూతి పెరిగిందని, మనిషి తట్టుకునే శక్తి మీద గౌరవం కలిగిందని, తమ జీవితం విలువ తెలిసిందని వారు వివరించారు. రెండేళ్లకు పిలార్ హెర్నాండెజ్, మరి ఇద్దరు పరిశోధకులు రాజకీయ హింస బాధితులతో పనిచేసే చికిత్సకులను పరిశీలించి, క్లయింట్ల నిబ్బరం థెరపిస్టులకూ అంటుకుంటుందన్నారు. అదే 2007లో అలెక్స్ లిన్లీ, స్టీఫెన్ జోసెఫ్ 156 మంది థెరపిస్టులను పరిశీలించారు. తాము స్వయంగా చికిత్స పొందినవారిలో ఎదుగుదల ఎక్కువగా, అలసట తక్కువగా కనిపించాయి. గమనించండి: వర్క్‌షాపు అభ్యాసం కాదు, విడిగా తీసుకున్న చికిత్స.

శిక్షణ వ్యాపారం ఈ అధ్యయనాలను బాగా వాడుకుంది. వాటికి ఎదురు నిలిచే రెండింటిని మాత్రం అంతగా పట్టించుకోలేదు. 2009లో పట్రీషియా ఫ్రేజియర్ బృందం విద్యార్థులను ఆఘాతానికి ముందూ తర్వాతా కొలిచి చూసింది. ఎదిగామని వారు చెప్పుకున్నదానికీ, నిజంగా వచ్చిన మార్పుకూ పెద్దగా పొంతన కుదరలేదు. మారామని అనిపించడం వేరు, మారడం వేరు. పైన చెప్పిన ఎదుగుదల అధ్యయనాలన్నీ థెరపిస్టుల సొంత మాట మీదే ఆధారపడ్డాయి. అంతకుముందు 2006లో టెడ్ బోబర్, షెరిల్ రెగెర్ 259 మంది థెరపిస్టులను పరిశీలించారు. విశ్రాంతి, వ్యాయామం, స్వీయ సంరక్షణ మంచివని అందరూ నమ్ముతున్నారు. కానీ వాటికి ఎక్కువ సమయం ఇచ్చినవారిలో ఆఘాత లక్షణాలు తగ్గినట్టు కనిపించలేదు. వారానికి ఎన్ని గంటలు బాధితులతో గడుపుతున్నారన్నదే అన్నింటికన్నా పెద్ద సూచికగా తేలింది. ఇంత బరువు ఎవరు మోస్తారన్నది యాజమాన్యం నిర్ణయించే విషయం. దాన్ని ఉద్యోగి వ్యక్తిత్వ వికాసం ఖాతాలో వేయడం సంస్థలకు చవక బేరం.

శిక్షణ వృథా అని దీని అర్థం కాదు. జినీ స్ప్రాంగ్ బృందం 2007లో 1,121 మంది మీద చేసిన సర్వేలో, ట్రామాలో ప్రత్యేక శిక్షణ ఉన్నవారికి పనిలో సంతృప్తి ఎక్కువగా, అలసట తక్కువగా ఉన్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఏం చేయాలో తెలియక భయపడే థెరపిస్టు, క్లయింటు ఆ సంఘటన పేరెత్తగానే మాట మార్చేస్తాడు. 2004లో కరోలిన్ బెకర్ బృందం చేసిన సర్వేలో మెజారిటీ మనస్తత్వవేత్తలు, బాధాకర జ్ఞాపకాన్ని నేరుగా ఎదుర్కొనే ఎక్స్‌పోజర్ చికిత్సను వాడటమే లేదని తేలింది. క్లయింటుకు హాని జరుగుతుందేమోనన్న జంకు ఒక కారణం. ఆ జంకు పోవడం నిజమైన ఎదుగుదలే. దానికి కన్నీళ్లు అవసరం లేదు, సాధన చాలు.

అయితే ఆ ఎదుగుదల క్లయింటుకు అందుతోందా? అనుభవం పెరిగితే ఫలితాలు వాటంతటవే మెరుగుపడవని 2016లో సైమన్ గోల్డ్‌బర్గ్ బృందం చూపించింది. 170 మంది థెరపిస్టులు, 6,591 మంది రోగుల సమాచారం అది. కాలం గడిచేకొద్దీ సగటు ఫలితాలు స్వల్పంగా తగ్గాయి. 2018లో కెనడాలో కాండిస్ మాన్సన్ బృందం చేసిన ప్రయోగం దీనికి మరో కొస అందించింది. వర్క్‌షాపు ఒక్కటే అయినవారి కంటే, తర్వాత నెలల తరబడి నిపుణులతో క్రమంగా కేసులు చర్చించిన థెరపిస్టుల రోగులు ఎక్కువగా కోలుకున్నారు. మెకాన్, పెర్ల్‌మన్ 1990లో కోరిన సామూహిక చర్చకు ఇది దగ్గరి బంధువే.

మధ్యేమార్గం కొత్తదేమీ కాదు. జేమ్స్ బెనెట్ లెవీ 2001 నుంచి ప్రచారం చేస్తున్న స్వీయ సాధన పద్ధతిలో కూడా థెరపిస్టు చికిత్స మెళకువలను తన మీదే ప్రయోగించుకుంటాడు. కానీ రాసుకున్నది తన దగ్గరే ఉంచుకుంటాడు. బృందంతో పంచుకునేది నేర్చుకున్న పాఠం, గాయం తాలూకు వివరాలు కాదు. పెద్ద ఆఘాతాల జోలికి వెళ్లవద్దని అందులో ముందే చెబుతారు. ట్రామా శిక్షణలు ఇదే హద్దును ఎందుకు పెట్టుకోకూడదన్నది విమర్శకుల ప్రధాన డిమాండు. దానితోపాటు, అభ్యాసంలో ఎవరైనా కుప్పకూలితే తర్వాతి చికిత్స ఖర్చు ఎవరు భరిస్తారో నమోదు పత్రంలోనే రాయాలని వారు అడుగుతున్నారు. ఆన్‌లైన్ బృందాల్లో ఒకే సంస్థ ఉద్యోగులను వేరువేరు జంటలుగా విడదీయాలంటున్నారు. ఎక్కువమంది శిక్షకులు చివరిదానికి సుముఖంగా ఉన్నారు. మొదటిదాన్ని ఒప్పుకుంటే పద్ధతి ప్రాణమే పోతుందంటున్నారు. ఖర్చు సంగతి మాత్రం వారిలో ఎవరూ ఎత్తడం లేదు.