రాకడ తేదీ చెప్పినవాడిని నమ్మి గేదెలు అమ్ముకోవద్దు: కొన్ని అపోహలు, వాస్తవాలు

2025 సెప్టెంబరు 21, ఆదివారం రాత్రి, సింగరాయకొండ దగ్గరి ఒక పల్లె నుంచి మా సంఘంలోని ఒక తల్లి ఫోన్ చేసి, "అయ్యగారూ, మంగళవారమే అంట గదా?" అని అడిగింది. దేని గురించి అని నేను అడగనవసరం లేకపోయింది. దక్షిణాఫ్రికాలో ఒకాయన సెప్టెంబరు 23, 24 తేదీలలో సంఘం ఎత్తబడుతుందని, అంటే క్రీస్తు తన విశ్వాసులను పరలోకానికి తీసుకుపోతాడని చెప్పిన వీడియో, దానికి ఎవరో తగిలించిన తెలుగు మాటలతో సహా, అప్పటికే నాలుగైదు వాట్సాప్ గ్రూపుల నుంచి నాకు చేరి ఉంది. ఆమె కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. శుక్రవారం నుంచి కాలేజీకి వెళ్లకుండా ఇంట్లోనే ఉపవాసముండి ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆమె తన షుగరు మాత్రలు అయిపోయినా కొత్తవి కొనలేదు, రెండు రోజుల కోసం డబ్బు దండగ అనుకున్నది.

ఒంగోలుకూ కందుకూరుకూ మధ్య పల్లెలలో ఇరవై ఏడేళ్లుగా సంఘ కాపరిగా ఉన్న నాకు ఇలాంటి ఫోన్లు ఎత్తడం సేవలో ఒక భాగమైపోయింది. భయపడి అడిగేవారి మీద నాకు ఎన్నడూ విసుగు కలగలేదు గాని, ఆ భయాన్ని నలుగురికీ ఫార్వర్డ్ చేసి తాము హాయిగా నిద్రపోయేవారి మీద మాత్రం కలుగుతుంది. రాకడ అంటే క్రీస్తు తిరిగి రావడం, శ్రమల కాలం అంటే అంతానికి ముందు వచ్చే కష్టకాలం, వెయ్యేండ్ల పాలన అంటే క్రీస్తు వెయ్యేండ్లు ఏలడం. ఇక నేరుగా విషయానికి వస్తాను.

అపోహ: లెక్క సరిగ్గా కడితే తేదీ తెలుస్తుంది

మిగిలిన అపోహలన్నీ కలిసి చేసే నష్టం కన్నా ఈ ఒక్కటి చేసే నష్టమే ఎక్కువ. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప దూతలకు గాని, కుమారునికి గాని తెలియవని మత్తయి 24:36 చెబుతున్నది. తేదీలు చెప్పేవారికి ఈ వచనం తెలియక కాదు. "దినము, గడియ తెలియవన్నాడు గాని, సంవత్సరమూ నెలా తెలియవనలేదు గదా" అని వారు పక్క సందులోంచి వస్తారు. ఆ సందును అపొస్తలుల కార్యములు 1:7 మూసివేసింది. ఇశ్రాయేలుకు రాజ్యాన్ని ఇప్పుడే తిరిగి ఇస్తావా అని శిష్యులు అడిగినప్పుడు, కాలాలనూ సమయాలనూ తెలుసుకోవడం మీ పని కాదని చెప్పి, ప్రభువు ఆ వెంటనే వారికి లోకమంతటా సాక్షులుగా ఉండే పని అప్పగించాడు.

లెక్కలు కట్టినవారు మన ఊళ్లలోనే పుట్టలేదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే ఆయన, మా బాప్టిస్టులలోనివాడే, దానియేలు 8:14లోని 2,300 దినాలను సంవత్సరాలుగా తీసుకొని, క్రీ.పూ. 457 నుంచి లెక్కపెట్టి, 1843 ప్రాంతంలో ప్రభువు వస్తాడని ప్రకటించాడు. ఆ గడువు దాటిన తరువాత ఆయన అనుచరులు దానిని 1844 అక్టోబరు 22గా సవరించారు. కొందరు రైతులు పంట కోయకుండానే పొలాలు వదిలి ఎదురుచూశారు. 23వ తేదీ మామూలుగానే తెల్లవారింది. మిల్లర్ మోసగాడు కాడు, తాను చెప్పినదానిని తాను నమ్మినవాడే. అంత నిజాయితీ, అంత బైబిలు పఠనం ఉన్నవాడికే లెక్క తప్పినప్పుడు, మూడు నిమిషాల వీడియో చేసినవాడి లెక్క నిలుస్తుందని ఎలా అనుకుంటాం?

అందరూ మిల్లర్ వంటి నిజాయితీపరులు కూడా కారు. దక్షిణ కొరియాలో దామి మిషన్ అనే గుంపు 1992 అక్టోబరు 28న సంఘం ఎత్తబడుతుందని ప్రచారం చేసింది. ఉద్యోగాలు మానినవారు, ఆస్తులు అమ్మి కానుకలుగా ఇచ్చినవారు చాలామంది. ఆ తేదీకి నెల ముందు పోలీసులు ఆ గుంపు నాయకుణ్ణి అరెస్టు చేసినప్పుడు, అతని పేరున 1993లో గడువు తీరే బాండ్లు ఉన్నాయని బయటపడింది. మోసం కింద అతనికి శిక్ష పడింది. తేదీ చెప్పేవారి గురించి నన్ను ఎవరు అడిగినా ఈ బాండ్ల సంగతి తప్పకుండా చెబుతాను, ఎందుకంటే గ్రీకు మూల పదాల వివరణ కన్నా ఇది మా రైతులకు త్వరగా అర్థమవుతుంది.

2011లో అమెరికా రేడియో ప్రసంగీకుడు హెరాల్డ్ క్యాంపింగ్ మే 21 అని ప్రకటించినప్పుడు, ఆ మాట పట్టుకొని మా వైపు కూడా ఒకాయన పల్లెల్లో కూటాలు పెట్టాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. నాకు బాగా తెలిసిన ఒక కౌలు రైతు, పాలు పోసే నాలుగు గేదెలను మండు వేసవిలో వచ్చిన ధరకే అమ్మి, ఆ డబ్బులో ఎక్కువ భాగం కూటాల ఖర్చుకు ఇచ్చాడు. కూతురికి డిగ్రీలో సీటు వచ్చినా ఫీజు కట్టలేదు. మే 21 శనివారం. మరునాడు ఆరాధనకు అతడు ఆలస్యంగా వచ్చి, చెప్పులు విడిచేచోటే గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ప్రార్థన ముగిశాక నేను దగ్గరకు వెళితే, "ప్రభువు రాలేదని బాధ లేదు అయ్యగారూ, ఆయన ఎప్పుడొచ్చినా మంచిదే. పొద్దున్నే క్యాను లేకుండా పాలకేంద్రం ముందర నడవాలంటే సిగ్గుగా ఉంది" అన్నాడు. క్యాంపింగ్ తేదీని అక్టోబరు 21కి మార్చి, అదీ తప్పిన తరువాత, మరుసటి ఏడాది తాను పొరబడ్డానని ఒప్పుకున్నాడు. మా ఊరి ప్రసంగీకుడు ఆపాటి కూడా చేయలేదు, మకాం మార్చుకున్నాడు. ఆ అమ్మాయి ఒక సంవత్సరం ఇంట్లో ఉండి, తరువాత చదువుకున్నది.

ఆ వేసవి నుంచి నేను యిర్మీయా 32వ అధ్యాయాన్ని ఏటా ఒకసారైనా బోధిస్తున్నాను. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, పట్టణం పడిపోతుందని తానే ప్రవచించిన యిర్మీయా, దేవుడు చెప్పినందున అనాతోతులోని పొలాన్ని 17 తులాల వెండి తూచి కొని, క్రయపత్రాన్ని మట్టికుండలో భద్రపరిపించాడు. ముగింపు దగ్గరపడిందని నిశ్చయంగా తెలిసిన ప్రవక్త పొలం కొన్నాడు, మనవాళ్లు అమ్ముతున్నారు. మన నేల మీద కూడా ఇలాంటి ఉదాహరణ ఉంది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, లోకం ముగిసిపోతున్నట్టే కనిపించిన ఆ రోజుల్లో, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని జనానికి కూలి చూపించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకుండా ఆ పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం ఆ తరువాతి సంగతి. ఆ సంఖ్యను మా వేదికల మీద అందరూ చెబుతారు గాని, దానికి ముందున్న కాలువ పనిని చెప్పేవారు తక్కువ.

అపోహ: వెయ్యేండ్ల పాలనను మనలాగా నమ్మనివాడు క్రైస్తవుడే కాడు

కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక అమ్మాయికి నాయుడుపేట నుంచి సంబంధం వచ్చింది. అన్నీ కుదిరాక, "వాళ్లు లూథరన్లు, వెయ్యేండ్ల పాలనను నమ్మరంట" అని మేనమామ అడ్డుపడ్డాడు. నెల్లూరు ప్రాంతం సంగతి తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. ఉత్తరాన 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషను, దక్షిణాన 1865లో సూళ్ళూరుపేటలో మొదలైన జర్మనీ హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను, వీటి మధ్య కతోలికులు. ఒకే ప్రభువు రాకడ కోసం ఎదురుచూసే మూడు కుటుంబాలు, బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 20వ అధ్యాయం దగ్గరకు వచ్చేసరికి మూడు చోట్ల కూర్చుంటాయి.

ఆ అధ్యాయంలో 2 నుంచి 7 వరకు వచనాలలో "వెయ్యి సంవత్సరములు" అనే మాట ఆరుసార్లు వస్తుంది. ప్రీమిలెనియల్ అనే పక్షం దానిని ఉన్నదున్నట్టు తీసుకుంటుంది: ప్రభువు ముందు వస్తాడు, తరువాత భూమి మీద వెయ్యేండ్లు ఏలుతాడు, ఆ పిమ్మట, అంతవరకు బంధింపబడి ఉన్న సాతాను కొంతకాలం విడువబడి, చివరకు తీర్పు జరుగుతుంది. మన పల్లెల్లోని బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలలో వినబడేది ఎక్కువగా ఇదే. ఎమిలెనియల్ పక్షం, ప్రకటన గ్రంథంలో సంఖ్యలు చాలాచోట్ల సంకేతాలే కనుక ఈ వెయ్యి కూడా పూర్ణకాలానికి సంకేతమనీ, క్రీస్తు ఇప్పటికే పరలోకంలో ఏలుతున్నాడనీ, సువార్త జనములకు చేరకుండా అడ్డుకోలేనట్టు సాతాను బంధింపబడి ఉన్నాడనీ చెబుతుంది. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 17వ అధికరణ, పునరుత్థానానికి ముందు భక్తులు లోకరాజ్యాన్ని చేపడతారన్న బోధను తోసిపుచ్చింది. కతోలికుల బోధ కూడా ఈ వైపే. పోస్ట్‌మిలెనియల్ పక్షం, సువార్త లోకమంతటా వేళ్లూని, మంచికాలం గడిచిన తరువాత ప్రభువు వస్తాడంటుంది. 18వ శతాబ్దపు అమెరికా బోధకుడు జోనతన్ ఎడ్వర్డ్స్ కాలం నుంచి 19వ శతాబ్దం వరకు సువార్త ప్రచారానికి ఊపిరిపోసిన ఆశ చాలావరకు ఇదే. అడ్వెంటిస్టుల మాట వేరు: ఆ వెయ్యేండ్లూ భక్తులు పరలోకంలో ఉంటారనీ, భూమి పాడుపడి ఉంటుందనీ వారు నమ్ముతారు.

ఈ భేదం నిన్నటిది కాదు. 2వ శతాబ్దంలో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత తాను యెరూషలేములో వెయ్యేండ్ల పాలనను నమ్ముతానని చెబుతూనే, యథార్థమైన భక్తిగల క్రైస్తవులలో అనేకులు వేరుగా తలుస్తారని ఒప్పుకున్నాడు. 4, 5 శతాబ్దాల నాటి సంఘ పండితుడు అగస్టీను మొదట వెయ్యేండ్లను నమ్మి, తరువాత ఆ అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. బాప్టిస్టులు విరివిగా వాడిన 1833 న్యూహాంప్‌షైర్ విశ్వాస ప్రమాణంలో ప్రభువు దిగివచ్చుట, మృతుల పునరుత్థానం, తీర్పు ఉన్నాయి గాని, వెయ్యేండ్ల ఊసే లేదు. దీనిని జిరాక్సు తీయించి ఆ మేనమామ చేతికిచ్చాను. పెళ్లి జరిగింది, విందులో రొయ్యల ఇగురు ఆయనకే ఎక్కువ నచ్చింది.

నేను ఏ పక్షమని అడిగేవారికి దాపరికం లేకుండా చెబుతాను: రాకడ ముందు, వెయ్యేండ్లు తరువాత అనే నమ్ముతాను. శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందన్న దాని మీద మాత్రం, గుడ్డ మీద రంగులతో గీసిన యుగాల పటాన్ని గోడకు తగిలించి బోధించిన నా తొలి రోజులలోని ధీమా ఇప్పుడు లేదు. అపొస్తలుల నాటి నుంచి అందరూ అలాగే నమ్మారనడం సరికాదు. ఆ బోధ 1830ల నుంచి బ్రదరెన్ బోధకుడు జాన్ నెల్సన్ డార్బీ ద్వారానూ, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు వివరణల ద్వారానూ వ్యాపించింది. ప్రకటన గ్రంథంలో "ఏడేళ్ల శ్రమలు" అనే మాట కూడా లేదు. అక్కడున్నవి 42 నెలలు, 1,260 దినాలు, అంటే మూడున్నరేళ్లు. ఏడు అనే లెక్క దానియేలు 9:27లోని వారాన్ని, దినానికి ఒక సంవత్సరంగా తీసుకోవడం నుంచి వచ్చింది.

మిగిలినవి త్వరగా చెబుతాను. అంత్యకాలంలో దేవునికి ఎదురు నిలుస్తుందని ప్రకటన గ్రంథం చెప్పిన మృగం ముద్ర, 666 అనే సంఖ్య, ఆధార్ కార్డు కాదు, బార్‌కోడు కాదు, కరోనా టీకా కాదు. ప్రకటన 13, 14 అధ్యాయాలలో ఆ ముద్ర మృగానికి చేసే ఆరాధనతో ముడిపడి ఉంది. తెలియకుండా సూదితో ఎక్కించేది కాదు. 2వ శతాబ్దంలోనే ఐరేనియస్ అనే బిషప్పు ఆ సంఖ్యకు పేర్లు వెతికేవారిని, తొందరపడి ఊహించవద్దని హెచ్చరించాడు. ఈ వదంతి విని ఆధార్ తీసుకోని ఒక వృద్ధుడు చాలాకాలం పెన్షను పోగొట్టుకొని, మా ఇంటికి బియ్యం కోసం వచ్చేవాడు. ఇక విపత్తులు: 2004 డిసెంబరు 26న సునామీలో మా తీరంలో సముద్రం పైకి వచ్చినది ఆదివారమే. పాకలు పోయి గుడిలో తలదాచుకున్నవారు ఇదే అంతమా అని అడిగినప్పుడు, మత్తయి 24:8లో ప్రభువు భూకంపాలను వేదనలకు ప్రారంభం అన్నాడే గాని అంతం అనలేదని చదివి వినిపించి, అన్నం వండించాము.

సింగరాయకొండ తల్లికి ఆ రాత్రి నేను చెప్పినది రెండు మాటలు: తెల్లవారగానే మందుల షాపుకు వెళ్లమన్నాను, పిల్లవాణ్ణి నాతో మాట్లాడించమన్నాను. ఆమె మాత్రలు కొన్నది. పిల్లవాడు మాత్రం బుధవారం దాటే దాకా కదలలేదు. గురువారం ఉదయం బస్సెక్కే ముందు వాడే ఫోన్ చేశాడు. "అయ్యగారూ, అయిదు రోజుల హాజరు పోయింది. సార్‌కు జ్వరమని చెప్పమంటారా?" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. సార్ నవ్వారట గాని, హాజరు వేయలేదట.