లేని విమానానికీ లెక్కలుంటాయి: డకోటా ఊహా నమూనాల మీద అపోహలు, వాస్తవాలు

నల్గొండలో మా మేడ మీది గదిలో, బల్ల మీద ఇప్పుడొక డకోటా బొమ్మ ఉంది. డకోటా అంటే పాతకాలపు రెండు ఇంజిన్ల డీసీ-3 విమానం. చక్రాల బదులు కింద పడవల్లాంటి రెండు ఫ్లోట్లు, పక్కన ‘డెక్కన్ ఎయిర్‌వేస్’ అనే పేరు. నా ఊహలో కాలం 1968, దిగే చోటు నాగార్జునసాగర్ జలాశయం. ఆ పేరుతో అలాంటి విమానం ఎప్పుడూ ఎగరలేదు. డెక్కన్ ఎయిర్‌వేస్ మాత్రం నిజంగానే ఉండేది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన కంపెనీ అది. బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. కలవకుండా ఉంటే, సాగర్ నిండాక నాగార్జునకొండ చూడటానికి జనాన్ని నీళ్ల మీదే దించేదేమో! నా ఆట అక్కడ మొదలైంది.

ప్లాస్టిక్ కిట్లతో ఇలాంటి ఊహా విమానాలు చేస్తానని తెలిసినవాళ్లు అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: “లేని విమానమే కద బావా, ఎట్ల చేసినా నడుస్తది.”

ఇది మా బావమరిది మాట. మొదట్లో నేనూ అట్లాగే అనుకున్నాను. నా మొదటి ఊహా డకోటాకు పాత పిస్టన్ ఇంజిన్లు తీసేసి, వేరే కిట్‌లో మిగిలిన టర్బోప్రాప్ (జెట్ తరహా ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిప్పే రకం) ఇంజిన్లను సరిగ్గా అదే చోట అతికించాను. రంగు బాగా కుదిరింది, అతుకులు కనబడలేదు, అయినా చూసిన ప్రతిసారీ ఏదో తేడా కొట్టేది. ఎందుకో తెలియడానికి చాలా రోజులు పట్టింది. డకోటాలో ఎక్కువగా వాడిన ట్విన్ వాస్ప్ 14 సిలిండర్ల పిస్టన్ ఇంజిన్. పీటీ6 అనే టర్బోప్రాప్ బరువు అందులో సగం కూడా ఉండదు. అంత తేలికైనదాన్ని అదే చోట పెడితే విమానం తోక బరువై కూర్చుంటుంది. అందుకే పాత డకోటాలను బీటీ-67 అనే టర్బోప్రాప్ విమానంగా మార్చే అమెరికాలోని బాస్లర్ కంపెనీ ఇంజిన్లను ముందుకు జరిపింది, రెక్కకు ముందు భాగంలో ఒళ్లును 40 అంగుళాలు పొడిగించింది. 1:72 స్కేలులో, అంటే అసలులో 72వ వంతు బొమ్మలో, అది 14 మిల్లీమీటర్లు. ఆ 14 మిల్లీమీటర్లే నా బొమ్మలో లేనివి.

సాగర్ డకోటాకూ ఇదే తంటా. ఫ్లోటు అడుగున మెట్టులా ఒక విరుపు ఉంటుంది. నీళ్లను వదిలి పైకి లేచేటప్పుడు పట్టు విడిపించేది అదే. అది విమానం బరువు కేంద్రానికి కాస్త వెనకగా రావాలి. రెక్క వెడల్పులో ముందు నుంచి దాదాపు పావు వంతు దగ్గర బరువు కేంద్రం అనుకుని గీత గీసుకున్నాను. ఫ్లోట్ల వల్ల ముందు వైపు పక్క వైశాల్యం పెరిగితే విమానం దారి తప్పుతుంది. అందుకే చాలా నీటి విమానాలకు తోక కింద అదనంగా ఫిన్ అనే చిన్న నిలువు రెక్క పెడతారు. నేనూ పెట్టాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చేసేవాడికి ఫొటో దొరికితే పని సగం అయినట్టే. నాకు ఫొటో లేదు, ఇంజినీర్ ఏం చేసేవాడో నేనే ఆలోచించుకోవాలి.

అపోహ: “అసలు డకోటాకు ఇంత వింత వేషాలు ఎక్కడివి?”

నాకు నవ్వొచ్చేది ఇక్కడే. ఫ్లోట్ల డకోటా నా కల్పన కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం ఎక్స్‌సీ-47సీ పేరుతో దాన్ని తయారుచేసి ఎగరేసింది. ఆ ఫ్లోట్లలో ముడుచుకునే చక్రాలు కూడా ఉండేవి. 1944లో ఒక డకోటాకు ఇంజిన్లు పూర్తిగా తీసేసి గ్లైడర్‌గా పరీక్షించారు. 1951లో బ్రిటన్‌లో డార్ట్ అనే టర్బోప్రాప్‌లతో డకోటా సరుకులు మోసింది. 1977లో ఒకాయన డకోటా ముక్కుకు మూడో ఇంజిన్ పెట్టాడు. డకోటా నమూనా మీదే చేసిన రష్యావాళ్ల లీ-2, జపాన్‌వాళ్ల ఎల్2డీ సరేసరి.

వీటన్నిటినీ మించింది 1941 నాటి చైనా ముచ్చట. జపాన్ బాంబులకు ఒక డీసీ-3 కుడి రెక్క పోయింది. విడి రెక్క దొరకలేదు. హాంకాంగ్‌లో డీసీ-3 కన్నా ముందుదైన డీసీ-2 రెక్క ఒకటి ఉంటే, దాన్ని ఇంకో విమానం పొట్ట కింద కట్టి తెచ్చి బిగించారు. అది ఐదు అడుగులు పొట్టి. అయినా ఎగిరింది. దానికి డీసీ-రెండున్నర అని పేరు పడింది. ఒక రెక్క రెండు సెంటీమీటర్లు పొట్టిగా ఉన్న బొమ్మను ఏదైనా పోటీకి తీసుకెళ్తే, “కొలత రాదా తమ్మీ?” అని పక్కన పెట్టేస్తారు. నిజం చేసిన పనిని ఊహ చేస్తే ఎవరూ నమ్మరు.

అపోహ: “మంచి కిట్‌ను పాడుచేస్తున్నావు.”

పాడైన కిట్లే తీసుకుంటాను. ముక్క పోయినవి, అద్దాలు మసకబారినవి, ఎవరో సగం చేసి వదిలేసినవి. ఫ్లోట్లు కూడా కిట్‌లోవి కావు, నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్కతో చెక్కాను. తేలిక, మెత్తన. కాకపోతే చెక్క గీతలు కనబడకుండా నాలుగైదు పూతలు శాండింగ్ సీలర్ (చెక్క సందులు పూడ్చే పూత) వేసి, ప్రతి పూతకూ రుద్దాల్సిందే. అందులో రెండు ఆదివారాలు పోయాయి.

అపోహ: “డెకాల్స్ మీద తెల్ల మరకలు ఫ్లోరైడ్ వల్లే.”

డెకాల్స్ అంటే నీళ్లలో నానబెట్టి బొమ్మ మీద అతికించే పేర్లు, గుర్తులు. నల్గొండలో ఏది చెడినా ఫ్లోరైడ్‌నే తిడతాం. తిట్టడానికి కారణమూ ఉంది, మూడు తరాల ఎముకలు తిన్నది అది. కానీ ఈ మరకల తప్పు దానిది కాదు. మా బోరు నీళ్లు కఠిన జలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆరాక తెల్లగా మిగులుతాయి. డెకాల్‌ను నానబెట్టడానికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడుతున్నాను, గొడవ లేదు. పేర్లు సొంతంగా ప్రింట్ తీసేవాళ్లకు ఇంకో మాట: మామూలు ప్రింటర్ తెలుపు రంగు వేయదు. తెల్ల అక్షరాలు కావాలంటే తెల్ల డెకాల్ కాగితం తీసుకుని, అక్షరాల చుట్టూ విమానం ఒంటికి వేసిన రంగునే ప్రింట్ చేయాలి.

ముక్కులో బరువు పెట్టాలా అని కొందరు అడుగుతారు. డకోటా తోక చక్రం మీద కూర్చునే విమానం, అక్కర్లేదు. ముక్కు కింద చక్రం ఊహించుకుంటే మాత్రం చేపల వలకు కట్టే సీసం గుండ్లు వేయండి. ఇక ఎండాకాలంలో స్ప్రే పని పొద్దున ఏడింటిలోపు ముగించాలి. తర్వాత రంగు గాల్లోనే ఆరిపోయి ఇసుకలా పడుతుంది.

మొన్న బావమరిది వచ్చి సాగర్ డకోటాను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. “బావా, తలుపు ఎడమ పక్క వెనకాల ఉంది. కింద ఫ్లోట్లు. మనుషులు దిగేదెట్ల?” అన్నాడు. నిజమే, తలుపు నీళ్లకు చాలా ఎత్తులో ఉంది. ఇప్పుడు దానికి తగ్గ ఎత్తులో ఒక జెట్టీ, రెండు మెట్లు కడుతున్నాను.