కాఫీ కూడా ఇవ్వరాండీ? కౌన్సెలింగ్ మీద అపోహలు, వాస్తవాలు

పాలకొల్లు వాళ్లు కౌన్సెలింగ్‌కి నా దగ్గరికి భీమవరం వస్తారు. భీమవరం వాళ్లు రాజమండ్రి వెళ్తారు. రాజమండ్రి నుంచి రైలెక్కి నా దగ్గరికి వచ్చేవాళ్లూ ఒకరిద్దరున్నారు. సొంతూళ్లో మెట్లెక్కుతుంటే తెలిసినవాళ్లు చూస్తారని భయం. మా మెట్ల కింద మందుల షాపు ఉంది. "ఎవరన్నా అడిగితే టానిక్ కోసం వచ్చానంటానండీ" అని ఒకావిడ మొదటిరోజే చెప్పేసింది.

ఆ మెట్లెక్కినవాళ్లు అడిగినవీ, ఎక్కకుండా ఫోన్‌లోనే అడిగి పెట్టేసినవాళ్లు అన్నవీ కొన్ని రాస్తున్నాను. ఇందులో కనిపించే మనుషులెవరూ ఒక్కరు కారు. ఇద్దరు ముగ్గురిని కలిపి, ఊరూ పనీ మార్చేశాను.

అపోహ: పిచ్చి ఉన్నవాళ్లే వెళ్తారు

ఈ మాట ఎత్తగానే మావాళ్లకి వైజాగ్ మెంటల్ ఆసుపత్రో, ఎర్రగడ్డో గుర్తొస్తుంది. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది పొద్దున్నే లేచి పని చేసుకునేవాళ్లే. గుండె దడ అని రెండుసార్లు ఈసీజీ తీయించుకుని, గ్యాస్ బిళ్లలు వాడి, తాయెత్తు కూడా కట్టించుకుని ఆఖరికి ఇటొచ్చిన బ్యాంకు ఉద్యోగి. కువైట్‌లో ఆరేళ్లు ఇంటిపని చేసి తిరిగొస్తే, కూతురు అమ్మమ్మనే 'అమ్మా' అంటోందని నిద్ర పట్టని తల్లి. వీళ్లకి పిచ్చి లేదు. బాధ ఉంది, దాని మొదలెక్కడో అంతుపట్టడం లేదు.

అపోహ: నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు

అన్నిటికన్నా గట్టిది ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. "మావాడికి కాస్త మాట చెప్పండి మేడమ్" అని తండ్రులు ఫోన్ చేస్తారు. ఆ మాట ఇంట్లో నాన్న చెప్పారు, మేనమామ చెప్పాడు, కాలేజీలో మాస్టారు చెప్పారు. గోదావరి జిల్లాల్లో సలహాకి కరువెప్పుడొచ్చింది? అరుగు మీద కూర్చుంటే అడక్కుండానే దొరుకుతుంది. మాటతో పోయేదైతే ఆ కుర్రాడు నా దాకా వచ్చేవాడే కాదు.

నేను చేసే సైకోడైనమిక్ సైకోథెరపీలో జరిగేది వేరు. ఎవరిని నమ్మాలి, ఎవరి దగ్గర తగ్గాలి, కోపాన్ని ఎక్కడ దాచుకోవాలి అన్నవి మనకి తెలియకుండానే చిన్నప్పుడెప్పుడో అలవాటైపోతాయి. పెళ్లయ్యాక, ఉద్యోగంలో, పిల్లల దగ్గర అవే మళ్లీ మళ్లీ నడుస్తాయి. నా గదిలోనూ నడుస్తాయి. కాకపోతే ఇక్కడ నడిచినప్పుడు ఇద్దరం ఆగి వాటిని చూస్తాం.

ఒక రొయ్యల రైతు సంగతి చెప్తాను. రాత్రి కరెంటు పోతుందేమో, జనరేటర్ అందుకోదేమో, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందేమోనని ఏళ్లపాటు సరిగ్గా నిద్రపోలేదు. చెరువులు లీజుకిచ్చేసి ఏడాదైనా నిద్ర రాలేదు. మొదటిరోజు కూర్చుని చుట్టూ చూసి, "కాఫీ కూడా ఇవ్వరాండీ?" అన్నారు, నవ్వుతూనే. మా వైపు గుమ్మం తొక్కితే పగవాడికైనా కాఫీ ఇస్తారు, కాబట్టి ఆ మాట నాకు తగిలింది. అయినా ఇవ్వను. మర్యాదలు మొదలైతే ఆయన చుట్టం అయిపోతారు. చుట్టపుచూపుకి వచ్చినవాళ్లు ఇంటావిడ మీద కోప్పడలేరు, ఆవిడ ముందు ఏడవలేరు.

రెండో వారం నుంచి ఆయనే తేవడం మొదలుపెట్టారు. ఆత్రేయపురం పూతరేకులు, ఒకసారి తాపేశ్వరం కాజా, ఒకసారి నాలుగు కొబ్బరి బొండాలు. అయిదో వారం పూతరేకుల పెట్టె బల్ల మీద పెడుతుంటే అడిగాను: "ఇవాళ ఇది తేకపోతే ఎలా ఉండేదండీ?"

నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పెట్టెకి వేసిన రబ్బరు బ్యాండు తీస్తూ, పెడుతూ చాలాసేపు కూర్చున్నారు. "ఖాళీ చేతుల్తో మా నాన్న ముందుకి వెళ్లేవాళ్లం కాదండీ. మార్కుల కాగితమో, కౌలు డబ్బులో, ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే తలెత్తి చూసేవారు కాదు" అన్నారు.

పాత సంబంధం ఇలా ఎదుటి మనిషి మీదికి దిగడాన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు, నా పద్ధతికి మూలమైన సైకోఅనాలిసిస్ మొదలుపెట్టిన వియన్నా డాక్టరు ఫ్రాయిడ్ కాలం నుంచీ ఉన్న మాటే. మొదటిరోజే నేను "రాత్రి వేడిపాలు తాగండి, ఫోన్ దూరంగా పెట్టండి" అని సలహా ఇచ్చి ఉంటే ఆయన బుద్ధిగా వినేవారు. పై వారం నాకూ ఒక మార్కుల కాగితం తెచ్చి చూపించేవారు. నిద్ర మాత్రం వచ్చేది కాదు.

అపోహ: అన్నిటికీ అమ్మానాన్నలదే తప్పంటారు

తప్పెవరిదో తేల్చడం పెద్దమనుషుల పని. ఆ నాన్నకీ ఒక నాన్న ఉండే ఉంటాడు. పైగా అన్నీ బాల్యంలోంచే రావు. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లని అడగండి. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. అప్పటికి కొత్త కోడలిగా ఉన్న ఒకావిడకి ఇప్పటికీ దీపావళి దగ్గర పడేసరికి చేతులు వణుకుతాయి, ఇంట్లో అందరి మీదా అరుస్తుంది. "బీపీ అనుకున్నానండీ" అంది. కొబ్బరిచెట్లు విరిగిన చప్పుడు గురించి ఆవిడ మొదటిసారి నోరు విప్పింది నా గదిలోనే. ఇంట్లోవాళ్లకి పట్టదని కాదు. అందరిదీ అదే రాత్రి, అందుకే ఎవరూ ఎత్తలేదు.

అపోహ: ఇక్కడ చెప్పింది ఊరంతా తెలిసిపోతుంది

న్యాయమైన భయమే. మా వైపు ఏదో ఒక వరస కలవని మనిషి దొరకడం కష్టం. అందుకే చుట్టాల్నీ తెలిసినవాళ్లనీ నేను తీసుకోను, వేరేవాళ్ల దగ్గరికి పంపిస్తాను. పెళ్లిళ్లలో ఎదురుపడితే వాళ్లు పలకరిస్తేనే పలకరిస్తాను, ఆ సంగతి ముందే చెప్పి ఉంచుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో గోప్యతని హక్కుగానే రాశారు. ప్రాణానికి ముప్పున్నప్పుడు, ఇంకొకరికి హాని జరిగేలా ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, ఇలా కొన్ని మినహాయింపులున్నాయి. మొగుడు ఫీజు కట్టాడు కాబట్టి పెళ్లాం ఏం చెప్పిందో అడగొచ్చన్న మినహాయింపు మాత్రం లేదు.

అపోహ: మాట్లాడితే మందులక్కర్లేదు

కొందరికి అక్కర్లేదు, కొందరికి రెండూ కావాలి. నేను మందులు రాయను, అది సైకియాట్రిస్టు పని. లేని మాటలు చెవిలో వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్రలేకుండా హుషారు మితిమీరుతున్నా ముందు అక్కడికే వెళ్లాలి. దిగులూ నీరసమూ అంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకు రమ్మంటాను. పదేపదే చేతులు కడుక్కునే ఓసీడీ లాంటిదానికి నా పద్ధతికన్నా సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ నేరుగా మార్చే థెరపీ, బాగా పనిచేస్తుంది, అది చేసేవాళ్ల అడ్రస్ ఇస్తాను. చచ్చిపోవాలనిపిస్తుంటే నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

అపోహ: బోర్డు ఉంటే చాలు

చాలదు. కొన్ని వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు అని అడగండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకుంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. శిక్షణలో ఉండగా నేనూ మూడేళ్లు ఎదుటి కుర్చీలో, అంటే థెరపీకి వచ్చినవాళ్ల కుర్చీలో, కూర్చున్నాను. ఇవన్నీ నేనూ అడిగాను, చచ్చేంత మొహమాటపడుతూ.

అపోహ: ఇది తెల్లవాళ్ల సరుకు

గిరీంద్రశేఖర్ బోస్ అనే బెంగాలీ డాక్టరు 1922లోనే కలకత్తాలో ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టారు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపారు, కొన్నిచోట్ల విభేదించారు కూడా. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకి ఆ సొసైటీ దంతపు విష్ణుమూర్తి బొమ్మ పంపితే ఆయన తన రాతబల్ల మీద పెట్టుకున్నారు. పూతరేకుల పెట్టెని నేను వెనక్కి పంపలేకపోవడానికి ఇదొక సాకు.

అపోహ: మొదలుపెడితే ఏళ్ల తరబడి లాగుతారు

వారానికోసారి, 50 నిమిషాలు. ఒకే సమస్యని పట్టుకుని 16 నుంచి 24 సెషన్లలో ముగించే పద్ధతీ ఉంది, ఏడాది దాటేవీ ఉన్నాయి. ఎప్పుడు ఆపాలో ఇద్దరం మాట్లాడుకునే ఆపుతాం. చెప్పకుండా మానేసిన వారానికి కూడా ఫీజు తీసుకుంటాను. దీనికి చాలా తిట్లు తిన్నాను, అందులో కొన్ని న్యాయమైనవే.

రొయ్యల రైతు ఏడు నెలలు వచ్చారు. నిద్ర ఒక్కసారిగా ఏమీ రాలేదు. మొదట తెల్లవారుజామున రెండు గంటలు, తర్వాత మూడు, మధ్యలో మళ్లీ మొదటికి. అయిదో నెలలో అనుకుంటా, ఆ మానేసిన వారం ఫీజు దగ్గరే నా మీద గట్టిగా కోప్పడ్డారు. గొంతు పెంచి మాట్లాడటం అదే మొదటిసారి. పై వారం వస్తారో రారో అనుకున్నాను. వచ్చారు, టైముకే, ఖాళీ చేతులతో. ఆ సంగతి ఆయన గమనించలేదు. నేనూ ఎత్తలేదు.