అరవై ఏళ్ల గీత ఎవరు గీశారు?

కావలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు ఉత్తరం రాశారు. ఆవిడ సీపీఎస్‌లో, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే కొత్త పెన్షన్ పద్ధతిలో ఉన్నారు. జీతంలో పది శాతం నెలనెలా కోత పడుతుంది. "మా సీనియర్ సారుకు ఏ కోతా లేకుండా పాత పెన్షన్ వస్తుందట. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? నాకూ అలాగే ఎందుకు ఇవ్వరు?" అని అడిగారు. రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి పాత పద్ధతి లేదు. రెండో ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. రుచి ఉన్నది మొదటి ప్రశ్నలో.

పెన్నా మీద కట్టిన పాత నెల్లూరు ఆనకట్టను తలుచుకోండి. వచ్చిన ప్రవాహాన్ని కాలువలకు మళ్లించడమే దాని పని. నిల్వ చేసేది ఎగువన ఉన్న సోమశిల, 78 టీఎంసీలు. పాత పెన్షన్ ఆనకట్ట లాంటిది: ఈ ఏడాది వసూలైన పన్ను ఈ ఏడాదే పింఛనుగా పారుతుంది. సీపీఎస్ సోమశిల లాంటిది: ఉద్యోగి వాటా, ప్రభుత్వ వాటా కలిసి ముప్పై ఏళ్లు నిలువ చేరతాయి. ఆనకట్టకు ప్రవాహమే దిక్కు. పనిచేసేవాళ్లు ప్రవాహం, విశ్రాంతి తీసుకున్నవాళ్లు ఆయకట్టు. ప్రవాహం సన్నబడి ఆయకట్టు పెరిగితే చివరి పొలాలకు నీళ్లు అందవు.

ఎంత సన్నబడుతుందో లెక్క వేద్దాం. అందరూ 20వ ఏట పనిలో చేరి, 60లో మాని, 80 దాకా బతుకుతారనుకుందాం. పింఛను సగటు జీతంలో సగం. జనాభా ఏటా 2 శాతం పెరుగుతుంటే ఒక్కో వృద్ధుడికి దాదాపు 3.7 మంది పనివాళ్లు ఉంటారు, ఒక్కొక్కరి జీతంలోంచి దాదాపు 13.5 శాతం తీస్తే చాలు. జనాభా నిలకడగా ఉంటే ఇద్దరే, 25 శాతం. ఏటా ఒక శాతం తగ్గుతుంటే ఒకటిన్నర మంది, దాదాపు 34 శాతం! పింఛను రూపాయి పెంచలేదు, ఎవరూ ఒక్క రోజు ఎక్కువ బతకలేదు. మారింది పుట్టినవాళ్ల సంఖ్య మాత్రమే. బళ్లో నిష్పత్తులు చెప్పేటప్పుడు గోడ కట్టే కూలీల లెక్కలకు బదులు ఇది ఇస్తే పిల్లలు పరీక్ష అయ్యాక కూడా గుర్తుపెట్టుకుంటారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అంటే మనం చివరి లెక్క వైపే నడుస్తున్నాం.

అయితే అందరం సోమశిలలు కట్టుకుందాం అంటారా? నీళ్లు నిలువ ఉంటాయి, నర్సు చేతులు నిలువ ఉండవు. ముసలితనంలో మీకు కావలసిన అన్నం, మందులు, ఆస్పత్రి సేవ ఆ ఏడాది పనిచేసేవాళ్లు తయారుచేసి ఇవ్వాల్సినవే. మీరు దాచిన షేర్లు, బాండ్లు అప్పటి యువకులు కొంటేనే డబ్బవుతాయి. కొనేవాళ్లు తగ్గితే ధర కూడా తగ్గవచ్చు. జలాశయం కట్టినంత మాత్రాన ఎగువన వాన పెరగదు కదా!

ఇక నాకు చాలా ఇష్టమైన మీట, పదవీ విరమణ వయసు. ఏటా ఒక శాతం తగ్గే జనాభాలోనే 60ని 65 చేయండి. 34 శాతం కాస్తా 22కి దిగుతుంది. ఇంత బలం ఎందుకంటే 60కీ 65కీ మధ్య వయసువాళ్లందరూ ఆయకట్టులోంచి లేచి ప్రవాహంలో కలుస్తారు. వృద్ధులు పైన, పనివాళ్లు కింద ఉన్న భిన్నంలో పైనున్నది తగ్గుతుంది, కిందున్నది పెరుగుతుంది. పన్ను పెంచినా, పింఛను కోసినా ఒక వైపే కదులుతుంది. స్వీడన్ ఈ సూత్రాన్ని చట్టంలోకే ఎక్కించింది. జీతంలో 16 శాతం పేరుకు ఖాతాలో జమ రాసుకుంటారు, కానీ డబ్బు వెంటనే నేటి వృద్ధులకు వెళ్లిపోతుంది. విరమణ రోజున ఆ మొత్తాన్ని ఆ తరానికి మిగిలిన సగటు ఆయుష్షు ఆధారంగా లెక్కగట్టిన సంఖ్యతో భాగిస్తారు. ఆయుష్షు పెరిగితే పింఛను దానంతటదే సన్నబడుతుంది. కొన్నాళ్లు ఎక్కువ పనిచేస్తే మళ్లీ పెరుగుతుంది. మంత్రిగారు మొహమాటపడే అవసరమే లేదు.

మనకేమో అరవై అంటే బ్రహ్మ రాసిన గీత. షష్టిపూర్తి అయింది, ఇక కూర్చోవాలి! అరవై సంవత్సరాల చక్రానికీ మోకాళ్లకూ ఏ సంబంధమూ లేదు. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ 1889లో అక్కడ వృద్ధాప్య పింఛను పెట్టినప్పుడు వయసు 70. దాన్ని 65కు దించింది 1916లో. మన రాష్ట్ర ఉద్యోగులకే 2022లో 60ని 62 చేశారు, ఆకాశమేమీ విరిగిపడలేదు.

ఈ మీటలో ఒక దొంగ లెక్క కూడా ఉంది. భాగించేది సగటు ఆయుష్షుతో. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో దుమ్ము పీల్చిన కార్మికుడూ, ఒంగోలులో ఫ్యాను కింద కూర్చున్న గుమాస్తా ఒకే సగటులో పడితే, ముందు పోయినవాడు వదిలింది ఎక్కువకాలం బతికినవాడికి చేరుతుంది. పేదవాడే ఉన్నవాడికి పింఛను కట్టినట్టు! వయసు పెంచితే ఈ అన్యాయం ఇంకా ముదురుతుంది. అందుకే అందరికీ ఒకే వయసు పెంచడం నాకు సమ్మతం కాదు. వృత్తిని బట్టి వయసు మార్చడం మనకు కొత్తేమీ కాదు. రాష్ట్ర సామాజిక పింఛన్లలో మామూలు వృద్ధుడికి 60 నిండాలి, మత్స్యకారుడికీ నేతన్నకూ 50 చాలు. ఎవరి ఒళ్లు ఎప్పుడు అలుస్తుందో ఆ వయసుల పట్టికకు తెలుసు. జీతగాళ్ల పెన్షన్ లెక్కలు కట్టే గణకులు ముందు దాన్ని తిరగేయాలి.